గేటు బయటి బూట్లు

మూతపడ్డ బ్యాటరీల ఫ్యాక్టరీ స్థలంలో మట్టి పరీక్షలు చేయించడం మా బాబాయి పని. నేలలోకి గొట్టం దింపి, లోపలి మట్టి తీసి ల్యాబుకు పంపిస్తాడు. ఆ మట్టి నిండా సీసమే. అందుకే పిన్ని ఆయన బూట్లను గేటు దాటనిచ్చేది కాదు.

"ఆ విషం నా గడప తొక్కిందంటే ఈ పూట మీకు అన్నం లేదు," అనేది.

సైట్లో పదిమంది మీద అరిచే మనిషి గేటు దగ్గర పిల్లి అయిపోయేవాడు. వానలో కూడా బూట్లు బయటే విప్పి, వట్టి కాళ్లతో లోపలికి వచ్చేవాడు. ఒకసారి కుక్క ఒక బూటు ఎత్తుకుపోయింది. అయినా పిన్ని కరగలేదు.

చివరికి చెడ్డ మట్టంతా తవ్వి తీసేసి, కొత్త మట్టి పరిచారు. పిల్లల పార్కు కడతారట. బాబాయి కూడా కొత్త బూట్లు కొన్నాడు. అవీ గేటు బయటే. నిన్న ల్యాబు నుంచి ఫోనొచ్చింది, నేల బాగుపడిందని.

"మన మనవరాలిని ఆ మట్టిలో ఆడనిస్తారా?" అనడిగింది పిన్ని.

"నేనే తీసుకెళ్తాను," అన్నాడు బాబాయి.

పిన్ని గేటు దాకా వెళ్లి, బూట్లకు అంటిన మట్టిని జాగ్రత్తగా గీకి తన గులాబీ కుండీలో వేసింది. బూట్లను మాత్రం మళ్లీ అక్కడే పెట్టింది.

"ఆ బూట్ల కంపుకు ఏ ల్యాబు పూచీ?"