హనోయ్‌లో ‘చీ ఓయ్’

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో కలిసి పెరిగిన మేం నలుగురు ఆడవాళ్ళం, బ్యాగులు వీపున తగిలించుకుని వియత్నాం వెళ్ళాం. హనోయ్‌లో మొదటి ఉదయం, ఒక సందులో నూడుల్స్ అమ్మే ఆవిడ దగ్గర చిన్న చిన్న స్టూళ్ళ మీద కూర్చున్నాం.

ఆవిడ తన ఫోన్‌లో ఏదో మాట్లాడి నాకు చూపించింది. ‘మీ వయసెంత?’ అని ఇంగ్లీషులో కనబడింది. నాకు చిర్రెత్తింది. మా వైపు ఈ ప్రశ్న వెనకే పెళ్ళి ప్రశ్న వస్తుంది మరి. అయినా ముప్పై ఎనిమిదని చెప్పాను.

ఆవిడ ముఖం విప్పారింది. పొగలు కక్కే గిన్నె అందిస్తూ, “చీ ఓయ్!” అంది.

పక్కనున్న సరోజ పగలబడి నవ్వింది. “ఏటే, పెళ్ళి కానేదని ఇక్కడ కూడా ఛీ అంతన్నారేటి?”

నేను గిన్నె ముట్టుకోలేదు. ఆవిడ కంగారుగా నా వైపే చూస్తోంది. చివరికి సరోజే ఆ ఫోన్ తీసుకుని, ‘చీ’ అంటే ఏమిటని అడిగింది.

“అక్క అనట! మన ఖరగ్‌పూర్ ఇందా బజార్లో మనల్ని దీదీ అన్నట్టే. ఈవిడ నీకన్నా రెండేళ్ళు సిన్నదట. వయసు తెలీకపోతే ఏటని పిలవాలో తెలీదట.”

“మరి నేను తనని ఏమనాలో కూడా అడుగు,” అన్నాను.

చెల్లెలిని ‘ఎమ్’ అంటారట. సిగ్గు తీరేదాకా తలవంచుకుని తిన్నాను. తర్వాత సందంతా వినబడేలా “ఎమ్ ఓయ్!” అని పిలిచి, ఖాళీ గిన్నె చూపించాను.

ఆవిడ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.