పేజీలో లేని నంబరు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా అద్దె ఇంటి ముందుగదిలో ఆదివారం పొద్దున్నే ఒక చిన్న బడి నడిచేది. పంతులు మా మామయ్య, ఒక పత్రికలో డెస్క్ ఇన్‌చార్జి. విద్యార్థులు కొత్తగా చేరిన ముగ్గురు సబ్ ఎడిటర్లు. అచ్చయిన పేజీని అసలు కాపీ పక్కన పరిచి తప్పులు వెతికించేవాడు. పెద్దవాళ్లు తిట్లు తింటుంటే చూడటం నాకు భలే సరదా.

ఒక ఆదివారం పేపర్లో పదో తరగతి ఫలితాలొచ్చాయి. పాసైన వాళ్ల హాల్‌టికెట్ నంబర్లలో పక్కింటి అక్కది లేదు. చదివింది చాలని వాళ్ల నాన్న ఆమెను నల్గొండ దగ్గర సొంతూరికి తీసుకెళ్లడానికి ట్రంకుపెట్టె మోసుకుని బస్సు కోసం ఎల్‌బీ నగర్ బయలుదేరాడు. నేను పరుగున వచ్చి, అక్క తప్పిందని చెప్పేశాను.

“ఎవరు చెప్పిన్రు?” అన్నాడు మామయ్య.

“పేపర్ల పడలే మామయ్యా.”

అచ్చుకు ముందు ఆ పేజీ సరిచూసింది తనే. సంచిలోంచి బోర్డు పంపిన జాబితా తీశాడు. అక్క నంబరు నాకు కంఠతా వచ్చు, నెల రోజులుగా ఇద్దరం దేవుడికి మొక్కింది దాని కోసమే. జాబితాలో ఉంది. పేజీలో ఆ వరుస మొత్తం ఎగిరిపోయింది.

“రేపు సవరణ వేసేద్దామండి” అన్నాడు కోస్తా నుంచి వచ్చిన సబ్ ఎడిటర్.

“రేపటికి ఆ పిల్ల ఊర్లుంటది. నడువున్రి.”

నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకున్నాడు. మిగతావాళ్లు ఆటోలో వచ్చారు. అప్పటికే అక్కావాళ్లు బస్సులో కూర్చున్నారు. తన శిష్యులూ బస్సులో జనమూ వింటుండగా మామయ్య అక్క నాన్న ముందు నిలబడి, “తప్పు నాదన్నా. నీ బిడ్డ పాసైంది. నేనే సరిగ చూస్కోలే” అన్నాడు. ఆయన జాబితా మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత పెట్టె కిందికి దించాడు. అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడే ఆమె ఇంటర్‌లో చేరింది, ఇప్పుడు టీచరు.

నేను కూడా డెస్కులోనే ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు కొత్త సబ్ ఎడిటర్లకు పాఠాలు చెబుతున్నాను. తప్పు దొర్లితే సవరణ రాయడం తర్వాత, ముందు దానివల్ల నష్టపోయిన మనిషికి ఫోన్ చేయమంటాను, నా ఎదురుగానే. నేను మాట్లాడతానేమోనని వాళ్లు ఫోన్ నా వైపు జరుపుతారు. నేను అందుకోను. అవతల ఆ మనిషి “హలో” అనేదాకా, ఇన్నేళ్లొచ్చినా, నాకూ గుండె దడే.