బానెట్ కింద కొబ్బరినీళ్ళు

మా నాన్న కాశీబుగ్గలో పురోహితులు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు ఎన్ని చేయించినా ఆయనకి పేరు తెచ్చినవి బండి పూజలే. చక్రాల కింద నిమ్మకాయలు అందరూ పెట్టిస్తారు. మా నాన్న బానెట్ ఎత్తించి, కొట్టిన కొబ్బరికాయలోని నీళ్ళన్నీ ఇంజన్ మీద పోసేవారు. పాత లారీల కాలంలో మొదలైన అలవాటు. ఆయన చేతి నీళ్ళు పడితే బండి ఆగదని డ్రైవర్లు అనుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆయన మొహం వెలిగిపోయేది. నేను ఆఫీసు గుమాస్తాని, నా చేతి మీదుగా ఫైలు కదిలిందని ఎవరూ అనుకోరు. అందుకే ఆయన పేరు చూసి నాకు కాస్త కుళ్ళు కూడా ఉండేది.

కిందటి వర్షాకాలంలో ఉద్దానం తీరం నుంచి ఒకతను కొత్త కారు తెచ్చాడు. తరతరాలుగా సముద్రం మీదకి వేటకెళ్ళే కుటుంబం. ఇక వల మానేసి పలాస స్టేషన్ దగ్గర అద్దెకి తిప్పుకుందామని అప్పుచేసి కొన్నాడు. పూజ జరిగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఉద్దానం కాయ, నిండా నీళ్ళు. నాన్న ఒక్క చుక్క మిగల్చకుండా పోశారు.

రెండు వారాలు తిరక్కుండానే ఆ కారు నౌపడ దారిలో ఆగిపోయింది. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టెలోకి నీళ్ళు దిగాయని టెక్కలి వర్క్‌షాపు వాళ్ళు తేల్చారు. కొత్త పెట్టె నలభై రెండు వేలట. వారంటీ పుస్తకం ఇంగ్లీషులో ఉంది, చదివిపెట్టమని అతను నన్ను వెంట తీసుకెళ్ళాడు.

"బానెట్ తీసి ఎవరైనా నీళ్ళు పోశారేటండి?" అని అడిగాడు సూపర్‌వైజర్. "పోస్తే వారంటీ రాదు. వానకి దిగిందనుకోండి, అది సీలు లోపం. ఖర్చు కంపెనీదే."

అతను నా వంక చూడలేదు. "వాన్లో తిరిగింది బాబూ. మరేటీ నాకు తెల్దు" అన్నాడు.

నేను పుస్తకంలో తల దూర్చాను. సూపర్‌వైజర్ వాన అనే రాసుకుని, నాలుగు రోజుల్లో పైనుంచి ఓకే వస్తే పైసా ఖర్చుండదన్నాడు. తిరుగు బస్సులో మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చి నాన్న పక్కన అన్నానికి కూర్చున్నాను. నోరు మూసుకుని పడుండాల్సింది. ఉండలేకపోయాను. "నాన్నా, ఆ కారు మీరు పోసిన నీళ్ళకే పాడైనట్టుంది" అన్నాను. ఆయన కలుపుతున్న ముద్ద అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నారు. నాకు మాత్రం గుండె తేలికపడింది. సిగ్గుగానే ఉంది చెప్పడానికి, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

నేను లేచేసరికి నాన్న ఇంట్లో లేరు. మధ్యాహ్నం ఎండలో నడిచొచ్చి, కండువాతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నారు. చాలా రోజుల తర్వాత అంత తృప్తిగా కనిపించారు.

"టెక్కలి వెళ్ళొచ్చాను రా. నీళ్ళు పోసింది నేనూ, ఆ అబ్బాయికి ఏ పాపమూ తెలీదూ అని చెప్పాను. కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాను. ఇక వాడి మీదకి రాదులే."

పెళ్ళిలో ముహూర్తం అటూ ఇటూ అయితే ఆయన తప్పు తన మీద వేసుకునేవారు. దాంతో రెండు వైపులవాళ్ళూ సర్దుకునేవారు. ఇదీ అలాంటిదే అనుకున్నారు. కంపెనీకి కావలసింది తప్పు ఎవరిదన్నది కాదనీ, కంపెనీది కాదని తేలితే ఖర్చు ఆ అబ్బాయి మీదే పడుతుందనీ ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

"అయితే నేను వెళ్ళబట్టే వాడికి..." అని ఆగిపోయారు.

వారంటీ రాదని కబురు వచ్చింది. నాన్న పోస్టాఫీసులో దాచుకున్నదంతా తీసి, నన్ను తోడు రమ్మని అతని ఊరు బయల్దేరారు. కారు ఇంకా టెక్కలిలోనే ఉంది. అతను ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చాడు. నాన్న డబ్బు అతని చేతిలో పెట్టి, "తీసుకో నాయనా, తప్పు నాది" అన్నారు.

"వద్దనాలని ఉంది పంతులుగారూ. అనడానికి నాకాడ లేదు" అని అతను తల వంచుకుని తీసుకున్నాడు.

మమ్మల్ని రోడ్డు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. నాన్న ముందు నడుస్తున్నారు. అతను గొంతు తగ్గించి నాతో అన్నాడు, "ఆయన్నేటీ అన్ను బాబూ. ఆయనకి తెల్దు. సెబితే ఏటవుద్దో మీకు తెలుసు గదా. అక్కడ నాతోపాటు ఊరుకున్నోరు, ఇంటికెల్లి ఎందుకు సెప్పినారు?"

ఆ నిజాన్ని మోయలేక తెచ్చి ముసలాయన నెత్తిన పెట్టానని ఆ రోడ్డు మీద చెప్పుకోగలనా? ఇంతలో ఆటో వచ్చింది. నాన్నని ఎక్కించి పక్కన కూర్చున్నాను.

"ఏమంటున్నాడు రా?" అని అడిగారు నాన్న.

"జాగ్రత్తగా వెళ్ళమంటున్నాడు నాన్నా" అన్నాను.