రిహార్సల్లో చివరి మాట పలకని నటుడు

మంగళవారం మధ్యాహ్నం మా యూనివర్సిటీ థియేటర్ ఆఫీసు నుంచి రెండు వరుసల ఈమెయిల్ వచ్చింది. నాకు గొంతు విప్పి మాట్లాడటం నేర్పిన ఇంగ్లండు నటుడు ఒహాయోలోని ఒక చిన్న ఊళ్లో, మోటెల్ గదిలో, నిద్రలోనే పోయారట. మర్నాడు అక్కడి లైబ్రరీలో ఆయన ప్రదర్శన ఉందట. ఆష్‌బర్న్ అనే ఊళ్లో ఇంటర్న్‌షిప్ చేస్తున్న నేను స్క్రీన్ ముందు ఉండలేకపోయాను. పార్కింగ్ లాట్‌లోకి వచ్చి కార్ల మధ్య ముప్పావుగంట తిరిగాను.

ఆయన మీకెవరికీ తెలిసే అవకాశం లేదు. పద్దెనిమిదో ఏట ఇంగ్లండులో, సముద్రపు ఒడ్డున, వారానికో కొత్త నాటకం ఆడే కంపెనీలో చేరారు. పగలు వచ్చే వారం నాటకం బట్టీ పట్టడం, సాయంత్రం ఈ వారం నాటకం ఆడటం. తర్వాత టూరింగ్ కంపెనీలు. ఆదివారం రైలు, సోమవారం కొత్త ఊరు. నలభై దాటాక ఒక కంపెనీతో అమెరికా వచ్చారు. రైలు పోయి బస్సు వచ్చింది, అంతే తేడా. బట్లర్లు, బిషప్పులు, మొదటి అంకంలోనే హత్యకు గురయ్యే మేనమామలు, ఇవీ ఆయన వేషాలు. “నేను చచ్చినన్నిసార్లు ఇంకెవరూ చచ్చి ఉండరు” అనేవారు. ఏ ఊరి పేరెత్తినా అక్కడి స్టేజీయే గుర్తొచ్చేది: “ఆ ఊళ్లో ఎడమవైపు మూడో చెక్క కిర్రుమంటుంది.”

ఎమ్మెస్ రెండో సెమిస్టర్‌లో క్యాంపస్ జాబ్ వెతుక్కుంటుంటే మా యూనివర్సిటీ థియేటర్‌లో నాటకం వేయబోతున్న ఆయనకు ప్రాంప్టర్‌గా నాకు పని దొరికింది. తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని కూర్చోవాలి. నటుడు మాట మరిచిపోతే అందించాలి. వరంగల్ నుంచి వచ్చిన మా రూమ్మేట్‌కి ఇది ఒక వింత.

“ఏందే, అసైన్‌మెంట్ సబ్మిట్ చెయ్యకుండ ఆ ముసలాయన డైలాగులు బట్టీ కొడ్తున్నవ్? గ్రేడ్ ఆయనిస్తడా?”

“ఇవ్వరులే. కాస్త ఈ పేజీ పట్టుకో, అప్పజెప్తా.”

“నాకేం పని లేదనుకున్నవా?” అంటూనే పట్టుకునేది.

అది ఆయనే రాసుకున్న నాటకం, అందులో ఒక్కటే పాత్ర. లైట్‌హౌస్ కాపలాదారుకి ఉద్యోగంలో అదే చివరి రోజు. మర్నాటి నుంచి దీపం యంత్రంతో వెలుగుతుంది. ఆయనకు అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. మాటలు అప్పుడప్పుడు జారిపోతున్నాయి. టూరు ఏర్పాటు చేసే నిర్మాత ఒక షరతు పెట్టాడు: మొదటి ప్రదర్శన ఒక్క మాట కూడా అందించకుండా నడిస్తే పద్నాలుగు ఊళ్లు, అందిస్తే ఒక్క ఊరూ లేదు. ఆయనకు కావలసింది ఆ టూరు ఒక్కటే. “ఒకే ఊళ్లో ఉండటం నాకెవరూ నేర్పలేదు” అనేవారు.

పాతకాలపు ఇంగ్లీషు నటులకు ఒక పట్టింపు ఉంది. నాటకంలోని చివరి వాక్యాన్ని రిహార్సల్లో పలకరు. నాటకం ప్రేక్షకుల ముందే పూర్తి కావాలట. ఆయన అక్కడికి వచ్చి ఆగిపోయేవారు. ఒకరోజు ఉన్నట్టుండి అడిగారు: “దీన్ని మీ భాషలో ఏమంటారు?”

“రేపు చెప్తాను సర్.”

“సర్ వద్దు. మా రాజుగారు నాకింకా ఆ బిరుదు ఇవ్వలేదు.”

తెలుగును మార్కుల కోసమే చదివినదాన్ని. ఆ ఒక్క వాక్యాన్ని ఐదు రకాలుగా రాశాను. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టి, పైకి చదివి, మళ్లీ కొట్టేశాను. మాటలకు బరువుంటుందని అప్పుడు తెలిసింది. మర్నాడు పలికాను: “ఇక దీపం సంగతి దీపమే చూసుకుంటుంది.”

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. “చివర్లో తొందరపడ్డావు” అన్నారు. తెలుగు ఒక్క ముక్క రాదు, ఆ తొందర మాత్రం వినిపించింది! “మీ భాషలో పలికితే దోషం లేదమ్మాయ్. రోజూ నువ్వే పలుకు. రిహార్సల్ కూడా ఎక్కడో ఒకచోట ముగియాలి కదా.”

ఆరు వారాలు, ప్రతి రిహార్సలూ నా తెలుగు వాక్యంతోనే ముగిసింది.

ప్రదర్శన రోజు నిర్మాత మూడో వరుసలో కూర్చున్నాడు. గంటన్నర పాటు ఒక్క మాట తప్పలేదు. చివరి వాక్యం ఒక్కటే మిగిలింది. ఆయన దీపం వైపు చూసి ఆగారు. ఆ వాక్యం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. దానికి ముందు ఎంతసేపు ఆగుతారో నాకెలా తెలుస్తుంది? మూడు లెక్కపెట్టాను. ఐదు. ఆయన వేళ్లు కోటు గుండీని తిప్పుతున్నాయి. ఏడు. నా నోరు నా మాట వినలేదు. రోజూలాగే, బిగ్గరగా, తెలుగులో పలికేసింది.

హాలంతా విన్నది. ఆయన నావైపు తిరిగారు. సముద్రంలోంచి ఎవరో కేకేస్తే విన్నట్టు విని, తలాడించి, అదే వాక్యాన్ని ఇంగ్లీషులో అన్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నిర్మాత మాత్రం తిన్నగా మేకప్ గదికి వచ్చాడు. “ఆ అమ్మాయి గొంతు స్క్రిప్టులో లేదు కదా?”

“తప్పు నాది. ఆయన మరిచిపోలేదు” అన్నాను.

“మీరు చెప్పండి. మరిచిపోయారా?”

ఆయన ముఖానికి రాసిన రంగు తుడుచుకున్నారు. లేదు అంటే చాలు, పద్నాలుగు ఊళ్లు దక్కేవి.

“నిజం చెప్పాలంటే, నాకూ తెలియదు” అన్నారు.

టూరు పోయింది. నేను ఏడుస్తుంటే, “ఎంతవరకు లెక్కపెట్టావు?” అని అడిగారు. ఏడు అన్నాను. “ఏడా! మా పాత ప్రాంప్టర్లు మూడుకే అందించేవాళ్లు. నన్ను చాలాసేపే నమ్మావు” అన్నారు. ఆ మాటతో నా మనసు కుదుటపడలేదు. ఇప్పటికీ పడలేదు. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే?

వారం తిరక్కుండానే ఆయన నాటకం ఆడతానంటూ చిన్న ఊళ్ల లైబ్రరీలకు తానే ఉత్తరాలు రాశారు. మొదటి మూడింటికి మా ఇద్దర్నీ మా రూమ్మేట్ తన కార్‌లో తీసుకెళ్లింది. దారి పొడవునా ఆయన డైలాగులే. “ఈయన గొంతుకి నా కార్ అద్దాలు పగుల్తయే! జర నెమ్మదిగ చెప్పమను అంకుల్‌ని” అని నామీద విసుక్కునేది. లైబ్రరీల్లో నా కుర్చీని తెర వెనక కాకుండా తన పక్కనే, అందరికీ కనబడేలా వేయించారు. మాట జారితే చెయ్యి చాపేవారు, నేను అందించేదాన్ని. ఎవరూ నవ్వలేదు.

ఈ మే నెలలో నేను ఆష్‌బర్న్‌కి, ఆయన ఒహాయోకి బయలుదేరాం. బస్‌స్టాప్‌లో అడిగాను: “అక్కడ స్క్రిప్టు ఎవరు పట్టుకుంటారు సర్?”

“ఎవరో ఒకరు. చదవడం వస్తే చాలు.”

బస్సెక్కారు. కిటికీ అద్దంలోంచి చూస్తే, ఆయన పక్క సీట్లో టోపీ పెట్టుకున్న లావుపాటి మనిషెవరో ఉన్నాడు. స్క్రిప్టు అప్పటికే అతని మోకాళ్ల మీదికి చేరింది. ఆయన ఎదుటి సీటు వైపు చూస్తూ ఏదో చెబుతున్నారు. ఆ అపరిచితుడు నొసలు ముడిచి, మందపాటి వేలితో ఒక్కొక్క వరుసా వెతుక్కుంటూ ఆయన మాటల వెంట వెళుతున్నాడు. బస్సు కదిలింది. వాళ్లిద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు.