మొదటి రకం రేకు

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో మా టీచరమ్మ నలుగురు ఆడవాళ్లకి పలకలిచ్చి దిద్దించేది. ఆవిడది నా కూతురి వయసు. మిగతా ముగ్గురికీ అక్షరాలు కొత్త. నాకు మాత్రం కొన్నిటి రూపం ఎప్పటినుంచో తెలుసు, పేర్లే తెలియవు.

ప్రత్తిపాడు దగ్గర మిరప కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పని నాది. మాకు ఎదురుగా ఒక పెద్దాయన, అక్షరాలు కోసిన రేకును గోతాం మీద ఆనించి నల్ల రంగు బ్రష్షుతో కొట్టేవాడు. రేకు ఎత్తితే, గుండ్రాలు పైనా కిందా కాస్త తెగిన లావుపాటి అక్షరాలు పడేవి: 'మొదటి రకం'. ఏళ్ల తరబడి నేను చూసింది వాటినే.

అందుకే పలక మీద సున్న చుట్టమంటే పైనా కిందా కొంచెం వదిలేసి రెండు ముక్కలుగా గీసేదాన్ని. 'ర' కూడా అంతే. టీచరమ్మ రెండు వారాలు చూసి, మూడో వారం అడిగేసింది.

"గీత మధ్యలో ఎందుకు తెంపుతున్నారమ్మా?"

"తెంపకపోతే లోపలి ముక్క ఊడిపోదా అండీ?" అన్నాను.

రేకు సంగతి చెప్పాక కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. పలక మీద ఏదీ ఊడిపోదు, ధైర్యంగా చుట్టెయ్యమంది.

ఆ ఏడాదే పెద్దాయన మోకాళ్ల నొప్పులతో పని మానేశాడు. ఆ పని నాకు కావాలనిపించింది. రోజంతా ఘాటులో గొంతుక్కూచుని దగ్గే బదులు, గాలి తగిలే వాకిట్లో నిలబడి చేసుకోవచ్చు. గుమస్తా గారిని అడిగితే, చదువుకున్నవాళ్లు కావాలన్నారు.

పాత రేకు తుప్పు పట్టిందని ఆయన గుంటూరులో కొత్తది కోయించుకొచ్చారు. కంప్యూటర్లో అందమైన అక్షరాలు ఎంచి మిషను మీద కోశారట. ఆయనే గోతాం మీద పెట్టి రంగు కొట్టారు. గుండ్రం ఉన్న చోటల్లా నల్లటి బిళ్లలు పడ్డాయి. ఇంకో గోతాం మీద కొట్టినా అంతే. లారీ వచ్చి నిలబడి ఉంది.

"గోతానికి బొట్లు పెట్టారండీ, ఇంక పసుపు రాస్తే సరి" అంది మాలో ఒకామె.

నేను లేచి వెళ్లి, లోపలి ముక్కల్ని పట్టి ఉంచే కట్లు రేకులో లేవని చెప్పాను. ఆయన నమ్మలేదు. అట్టపెట్టె మూత చింపి, దాని మీద బొగ్గుతో 'మొదటి రకం' అని రాసి, కట్లు వదిలి బ్లేడుతో కోశాను. టీచరమ్మ మాన్పించిన రాతే అది. రంగు కొట్టి అట్ట ఎత్తితే 'ర' కడుపూ, సున్న కడుపూ ఖాళీగా నిలిచాయి.

గుమస్తా గారు గోతాన్ని చూసి నా వైపు తిరిగారు. "నీకు చదువొచ్చా?"

"ఆదివారాలు వస్తుందండీ."

బ్రష్షు నా చేతికిచ్చారు. మధ్యాహ్నానికి అట్ట రంగు పీల్చి మెత్తబడిపోతే ఇంకోటి కోశాను. ఆ రోజు లారీ ఎక్కిన గోతాల్లో గుమస్తా గారి బిళ్లలు పడ్డ ఆ రెండు తప్ప అన్నీ నేను కొట్టినవే. ఇప్పటికీ ఆ వాకిట్లోనే నిలబడుతున్నాను. దగ్గు తగ్గింది.