కదిలిన ఫోటో

మానుకోటలో ఫోటో ఉప్పలయ్య అంటే ఎవరికీ తెలియదు. పీనుగుల ఉప్పలయ్య అంటే మాత్రం రిక్షా నేరుగా ఆయన దుకాణం ముందే ఆగేది. ఆ రోజుల్లో మా పల్లెల్లో మనిషి బతికుండగా ఫోటో తీయించాలని ఎవరికీ తోచేది కాదు. పోయాక తోచేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలకుండా వెనక నుంచి కట్టి, మెడలో దండ వేసి, అప్పుడు ఉప్పలయ్యకు కబురు పంపేవాళ్లు. ఆయన తీస్తే మీసంలో ఒక్కో వెంట్రుకా విడిగా కనిపించేది. ఒక పటేలు ఫోటోను గోడకు తగిలిస్తే, ఆయన కుక్క ఏడాదిపాటు దానికింద తోకాడిస్తూ పడుకుంది. నమ్మరా? ఆ కుక్కకు అన్నం పెట్టింది నేనే.

ఏడో తరగతిలో బడి నా ధాటికి తట్టుకోలేక నన్ను వదిలేసింది. అప్పటినుంచి ఉప్పలయ్య దుకాణం అరుగే నా కచేరీ.

"ఉప్పలన్నా, నువ్వు ఎదురొస్తే పెండ్లి బస్సు గూడ వెనుకకు మళ్లుతదట గదనే?" అని గెలికేవాణ్ని.

"నీ ఫోటో ముఫ్తుగ తీస్తరా, జర జల్ది చావు" అనేవాడు.

ఎనభై రెండో సంవత్సరం వానాకాలంలో మధుకర్ పటేలు గడ్డం మాసిపోయి మా అరుగెక్కాడు. ఆయన భార్య సుశీలకు నెల్లికుదురులో పుట్టింటి దగ్గర ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత ఉందట. జీపులో జనగామ మిషన్ దవాఖానకు తీసుకెళితే అద్దాల పెట్టెలో పెట్టారు. పుట్టింట్లోనే ఉండిపోయిన సుశీలకు రక్తం చాలా పోయింది, జ్వరం దిగడం లేదు. మంచం దిగితే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు.

"బిడ్డ మంచిగున్నదంటే నమ్ముతలేదు ఉప్పలయ్యా" అన్నాడు మధుకర్. "బొంద పెట్టి వచ్చి నాకు అబద్ధం చెప్తున్నవంటది. బువ్వ ముడ్తలేదు, మందు మింగుతలేదు. గిట్లనే ఉంటే ఆమె గూడ దక్కదు. ఒక్క ఫోటో తీసియ్యి."

ఉప్పలయ్య ముఖం పాలిపోయింది. "పసిగుడ్డును నేను తీసుడేంది పటేలా? నా చెయ్యి మంచిది కాదంటరు. జనగామల లేరా ఫోటోలోళ్లు?"

"ఇంకొకలు తీస్తే ఎవల పిల్లనో చూపెడ్తున్నరంటది. మా మామ ఫోటో నువ్వే తీసినవు. నీ మాట నమ్ముతది."

మర్నాడు మధుకర్‌తో కలిసి కాజీపేటలో రైలు మారి జనగామలో దిగాం. మూడుకాళ్ల స్టాండు నా భుజాన ఉంది. దవాఖానలో నర్సమ్మ మొదటే చెప్పింది: "లైటు కొట్టొద్దు. పాప కండ్లకు దెబ్బ." కిటికీ వెలుగే దిక్కు. ఆ మసక వెలుతురులో తీయాలంటే కెమెరా కన్ను చాలాసేపు తెరిచి పెట్టాలి.

అద్దాల వెనక పిల్లను చూసి నేను హాస్యం మరిచిపోయాను. తల చుట్టూ దూది. ముక్కులో సన్నటి గొట్టం, అది జారకుండా తెల్లటి పట్టీ. ఒళ్లంతా తెల్లబట్ట. గుడ్డలోంచి బయటపడ్డ చెయ్యి నా బొటనవేలంత ఉంది.

"కదలకు బిడ్డా... కదలకు" అని ఉప్పలయ్య గొణిగాడు. ఆ మాట అనాల్సిన అవసరం ఆయనకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. పిల్ల వినలేదు. మొదటిసారి కెమెరా కన్ను తెరిచి ఉండగానే చెయ్యి ఆడించింది. ఉప్పలయ్య నాలుక కరుచుకుని, పిల్ల నిద్రపోయేదాకా ఆగి మరొకటి తీశాడు. మానుకోటకు తెచ్చి కడిగితే అది అద్దంలా వచ్చింది.

నెల్లికుదురులో బస్సు దిగేదాకా మా ముగ్గురిలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. భుజాన నల్ల సంచితో ఉప్పలయ్య సుశీల ఇంటి వైపు నడుస్తుంటే బావి దగ్గర ఆడవాళ్లు బిందెలు దించారు. ఆయన ఆ సంచితో ఆ ఊరికి ఎప్పుడు వచ్చినా ఒకందుకే వచ్చాడు మరి. మేము వాకిలి చేరేలోపే శోకాలు మొదలయ్యాయి. సుశీల తల్లి రాజమణి గడపలో కూలబడి నెత్తి కొట్టుకుంటోంది.

"లేదమ్మా! బిడ్డ ఉన్నది!" అని మధుకర్ అరిచాడు. ఎవరు వింటారు?

లోపల సుశీల మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఉప్పలయ్య కవరులోంచి ఫోటో తీసి రెండు చేతులతో ఇచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత గోడ మీద దండ వేసిన తన తండ్రి ఫోటో చూసింది. ఆయన ముక్కులో దూది, కండ్లు మూసి, ఒంటినిండా తెల్లబట్ట.

"రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి" అంది. "చచ్చినంకనే తీసినవు. నిజం చెప్పు ఉప్పలయ్యా."

"మా దేవుని మీద ఒట్టు బిడ్డా! నిద్రల ఉండంగ తీసిన!"

ఆమె ఫోటో పక్కన పడేసి గోడ వైపు తిరిగి పడుకుంది. మధుకర్ మందు గ్లాసు అందిస్తే తోసేసింది. ఉప్పలయ్య కవరు జారవిడిచాడు. మంచి ఫోటో వంగకుండా దాపుగా పెట్టిన అట్టలాంటిది ఒకటి కిందపడింది. చెడిపోయిన ఫోటో. ఆయన గబుక్కున కాలికింద దాచబోయాడు.

"ఏందది?"

"పనికిరాదమ్మా. పాడైంది."

"ఇటియ్యి."

అందులో పిల్ల ముఖం ఉంది. చెయ్యి ఉండాల్సిన చోట తెల్లటి పొగలాంటిది తప్ప ఏమీ లేదు.

"చెయ్యేది?"

"తీస్తుంటే ఆడించిందమ్మా. కదిలితే గట్లనే పొగ లెక్క అయితది."

సుశీల మళ్లీ గోడ వైపు చూసింది. "మా బాపుది ఏం పాడు గాలేదు గదా?"

"ఆయనెట్ల కదుల్తడు తల్లీ!" అనేశాడు ఉప్పలయ్య.

ఆమె ఆ పొగ మీద వేలు పెట్టింది. అప్పుడు ఏడ్చింది. మందు తాగింది. తాగి, "ఇది మొన్నటిది. మరి ఇయ్యాలో?" అంది. "మల్ల పో ఉప్పలన్నా. పాడైందే తేవాలె. మంచిగొస్తే నాకు చూపెట్టకు."

రెండోసారి వెళ్లేసరికి పిల్ల అలిసిపోయి ఉంది. పొద్దున ఒళ్లు నీలమైందని, ఇప్పుడు ఊపిరి పీలుస్తోందని నర్సమ్మ చెప్పింది. ఆ ఊపిరి నాకు కనిపించలేదు. ఉప్పలయ్య కెమెరా కన్ను తెరిచిపెట్టి, "కదులు బిడ్డా, జర కదులు" అని అద్దానికి ముఖం ఆనించి బతిమాలాడు. రెప్ప కూడా ఆడలేదు.

మానుకోటలో నల్లతెర వెనక, ఎర్రదీపం కింద, మందునీళ్ల పళ్లెం మీద ఇద్దరం వంగాం. ముఖం తేలింది. స్పష్టంగా. ముక్కు మీద పట్టీ, స్పష్టంగా. చెయ్యి, గోళ్లతో సహా. ఉప్పలయ్య తన జన్మలో తీసినవాటిలో అంత మంచి ఫోటో లేదు. "ఇది చూపెడ్తే ఆమె సస్తదిరా" అన్నాడు.

చివరికి కింద మూలన బట్ట అంచు తేలింది. ఆ అంచు కింద, పాదం ఉండాల్సిన చోట, చిన్న పొగ.

"కాలు!" అని ఉప్పలయ్య పళ్లెం తొణికేంతగా ఎగిరాడు. "కాలు పాడైందిరా!"

ఆరనివ్వకుండానే దాన్ని పట్టుకుని బస్సెక్కాడు. సంచి మరిచిపోయాడు. నెల్లికుదురులో బస్సు ఆగకముందే మెట్టు మీద నిలబడి "పాడైంది! పాడైంది!" అని కేకలు పెట్టాడు. బావి దగ్గర ఆడవాళ్లు మళ్లీ గుండెలు పట్టుకున్నారు. సుశీల మాత్రం మంచం దిగి, గోడ పట్టుకుంటూ గడపదాకా వచ్చి చెయ్యి చాచింది.