ఎడమ చెంప మీది వంకర

ముందుగా ఒక పొరపాటు సరిచేయాలి. మొన్న ఆదివారం సంతాప సభలో మీలో ఒకాయన లేచి, ఫొటో పక్కన పెట్టిన అంతరిక్ష యాత్రికుడి హెల్మెట్ చూపించి, "దీన్ని తన చేతులతో పూర్తిచేసి, తృప్తిగా వెళ్ళిపోయారు" అన్నారు. అందరూ తలలూపారు. కొందరు దాని పక్కన నిలబడి ఫొటోలు కూడా దిగారు. ఆ వాక్యంలో "వెళ్ళిపోయారు" అన్న ఒక్క మాటే నిజం. ఆ హెల్మెట్ ఆయన చేసింది కాదు. ఆయన చేసింది పూర్తికాలేదు. ఇక తృప్తి సంగతి చెప్పడానికే మన తెలుగు పెద్దల సంఘం పత్రికకు ఇది రాస్తున్నాను.

పోయినాయన నాకు వియ్యంకుడు, మా అమ్మాయికి మామగారు. మూడు వారాల కిందట మంగళవారం పొద్దున, ఇక్కడ మన ట్రాయ్ ఊళ్ళోనే ఆసుపత్రిలో న్యుమోనియాతో పోయారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన చెల్లెమ్మగారూ అనేవారు. ఆయనకు భార్య లేదు, నాకు భర్త లేడు, పిల్లలకు ఇల్లు ఒకటే. వియ్యాలవారు పెళ్ళిలో మూడు రోజులు ఒకరినొకరు భరిస్తే చాలని లోకం అనుకుంటుంది. మేం ఆరేళ్ళు భరించుకున్నాం. కాఫీలో చక్కెర దగ్గర్నుంచి ఇంట్లో వేడి ఎంత ఉండాలో చెప్పే థర్మోస్టాట్ దాకా మేం తగవు పడని విషయం లేదు.

ఆయన ఇక్కడి కార్ల కంపెనీలో ముప్పై ఏళ్ళు మట్టితో కార్లు చేశారు. కొత్త కారు రోడ్డెక్కే ముందు దాన్ని అసలు సైజులో మట్టితో చేసి చూసుకుంటారని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. ఆ మట్టిని గీకి, నునుపు చేసి, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది అరచేత్తో నిమిరి చూడటం ఆయన పని. "కన్ను మొహమాటపడుతుంది చెల్లెమ్మగారూ, అరచెయ్యి పడదు" అనేవారు. ఇంట్లోకి కొత్త గిన్నె వచ్చినా కళ్ళు మూసుకుని ఒకసారి నిమిరితే గానీ అల్మరాలో పెట్టనిచ్చేవారు కాదు. ఒకసారి నా ఇడ్లీని కూడా నిమిరి, "ఈ వాయి కుడివైపు కొంచెం దిగింది" అన్నారు. ఆ పూట ఆయనకు రెండే పెట్టాను.

ఈ దేశం రాకముందు, విజయవాడలో చదువుకునే రోజుల్లో ఒక ఇంగ్లీషు సినిమా నాలుగుసార్లు చూశారట. పేరు చెప్పను, చెబితే మీరంతా అది చూసి నాకు ఫోన్లు చేస్తారు. అందులో అంతరిక్షంలోకి వెళ్ళినవాడు పెట్టుకునే హెల్మెట్ ఒకటుంది. రిటైరయ్యాక దాన్ని అచ్చం అలాగే, చేత్తో చేయాలని కూర్చున్నారు. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టి సినిమా చూపించారు. నేను ఆడపిల్లల కాలేజీలో నలభై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని.

"శూన్యంలో పేలుడు శబ్దం ఎలా వినపడుతుందండీ?" అన్నాను.

"వినపడదు. మీరు చెవులు మూసుకోండి, హెల్మెట్ చూడండి."

చూశాను. సినిమా ఆపి, టీవీ దగ్గరికి వెళ్ళి వేలితో చూపించారు. "హెల్మెట్‌కి ఎడమ చెంప చూశారా? కుడిదానికంటే కిందికి జారింది."

"కెమెరా లోపమేమో."

"కాదు. నాలుగు షాట్లలోనూ అంతే ఉంది. ఎవడో నాలాంటివాడే చేశాడు దీన్ని. షూటింగుకి టైమైపోతోందని వెనకాల ఒకడు అరుస్తుంటే, ఆ చెంప అలా వదిలేశాడు. వాడి పేరు టైటిల్స్‌లో కూడా ఉండదు."

మీలో చాలామంది ఆయన సినిమా పిచ్చితో చేస్తున్నారనుకున్నారు. నేనూ మొదట్లో అలాగే అనుకుని ఎగతాళి చేశాను. ఆయనకు హీరో మీద గానీ కథ మీద గానీ ఏ భక్తీ లేదు. పేరు లేని ఆ పనివాడి చెయ్యి ఎలా కదిలిందో తన చేతికి తెలియాలి. అంతే కోరిక.

రెండేళ్ళు అదే పని. మట్టితో హెల్మెట్ ఆకారం చేశారు, దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీశారు, అచ్చులో ఆరితే గట్టిపడే రెజిన్ పూసి ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచారు, పైన లప్పం పెట్టి గరుకు కాగితంతో రుద్దారు. రుద్దటం, మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దటం. గరాజ్‌లో నా ఉద్యోగం టార్చిలైటు పట్టుకోవడం. వెలుతురు పక్కనుంచి వాలుగా పడితే ఉపరితలం మీద చిన్న అల ఉన్నా నీడ కడుతుంది. సరిగ్గా పట్టుకోకపోతే, "లెక్చరరుగారూ, కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని మీరే కదా చెప్పారు" అని దెప్పేవారు.

కిందటి శీతాకాలంలో ఒక మధ్యాహ్నం ఎడమ చెంప మీద వరసగా చిన్న చిన్న నీడలు కట్టాయి. ఆయన కళ్ళు మూసుకుని నిమిరారు. లప్పం పెట్టి రుద్దారు. మళ్ళీ అవే నీడలు. మూడోసారి రుద్దుతుంటే చూశాను, కాగితం పట్టుకున్న కుడిచెయ్యి వణుకుతోంది. నేను చూశానని ఆయన చూశారు. చెయ్యి తీసి చంకలో పెట్టుకున్నారు.

"పార్కిన్సన్స్ అట. పోయిన నెల నేనే వెళ్ళి చూపించుకున్నాను. అబ్బాయికి చెప్పకండి."

"చెప్పను. కానీ వంకరగానే ఉండాలన్నారుగా, ఉండనివ్వండి."

"వాడి వంకర కావాలి చెల్లెమ్మగారూ. నా వంకర కాదు."

మాట ఇచ్చాను. సరిగ్గా పదకొండు రోజులు నిలబెట్టుకున్నాను. చలిలో గంటలకొద్దీ గరాజ్‌లో ఏం చేస్తున్నారు, దగ్గుతున్నారు కూడా, అని మా అల్లుడు దిగులుగా అడిగాడు. నా నోటికి నలభై ఏళ్ళు జీతమిచ్చి మాట్లాడించారు, ఊరికే ఉండటం దానికి చేతకాదు. "మీ నాన్నగారి చెయ్యి వణుకుతోంది నాయనా. అది ఇక పూర్తిచేయలేరు" అన్నాను. జాలిపడే అన్నాను. ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసన్న గర్వం కూడా ఆ జాలిలో కలిసి ఉంది. ఇప్పుడు దాచి ఏం లాభం?

అల్లుడు బంగారంలాంటి పిల్లాడు. తండ్రి కల మధ్యలో ఆగిపోకూడదనుకున్నాడు. ఆ హెల్మెట్ కొలతల ఫైలు ఇంటర్నెట్‌లో దొరికింది, త్రీడీ ప్రింటరు ఉన్న స్నేహితుడు దొరికాడు, కార్లకు రంగులు వేసేవాడు దొరికాడు. పుట్టినరోజు నాడు కేకు పక్కన పెట్టి పైనున్న గుడ్డ తీశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మీరు సభలో చూసింది దాన్నే.

అన్నయ్యగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కుడిచెంప నిమిరారు. ఎడమచెంప నిమిరారు. ఆ ఫైలు చేసిన మహానుభావుడెవరో, వంకరను తప్పనుకుని దిద్దేశాడు. రెండు చెంపలూ ఒక్కలాగే ఉన్నాయి.

"బాగుంది నాన్నా. సమంగా ఉంది" అన్నారు.

ఆ మాటకు అర్థం ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

మర్నాడు గరాజ్‌లో తన హెల్మెట్ మీద పాత దుప్పటి కప్పారు. వారం ఆగి నేను టార్చిలైటు పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. "దేనికండీ? పూర్తయిపోయిందిగా" అన్నారు. ఆ తర్వాత గిన్నెలు నిమరడం మానేశారు. నా ఇడ్లీల మీద ఒక్క వ్యాఖ్యానం లేదు. కాఫీలో చక్కెర ఎంత వేసినా తాగేవారు. ఆ ఇంట్లో నాతో తగవు పడే మనిషి లేకుండా పోయింది. మూడు నెలలకు మింగడం కష్టమైంది, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు డాక్టర్లు. జబ్బు చేసిన పని అది. హెల్మెట్ చేసిందని నేను అనడం లేదు. కానీ ఆ మూడు నెలలూ ఆయన రోజూ చేసుకోవాల్సిన పని ఒకటి ఉండేది. దాన్ని నేను ఆయన చేతుల్లోంచి లాగేశాను.

ఆసుపత్రిలో అల్లుడు కాఫీకి వెళ్ళినప్పుడు చెప్పాను. "అబ్బాయికి చెప్పింది నేనే అన్నయ్యగారూ."

"తెలుసు. వాడు అడిగితే నేను చెప్పను, మీరు అడక్కపోయినా చెబుతారు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "వాడు తెచ్చిన హెల్మెట్ నాకు నచ్చలేదని మాత్రం వాడికి చెప్పకండి. ఈసారైనా."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

సభ నుంచి ఇంటికి వస్తుంటే అల్లుడు కారు ఒక పక్కకు ఆపాడు. "అత్తయ్యగారూ, నాన్నకి అది నచ్చలేదు కదా?" అన్నాడు. అబద్ధం చెప్పడానికి నాకు చాలినంత టైమిచ్చాడు, పాపం. చెప్పేశాను. ఎడమ చెంప సంగతి, పనివాడి సంగతి, అన్నీ. రెండోసారీ మాట తప్పాను. వాడు స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. ఆ తర్వాత, "అందరూ నేను చేయించినదాన్ని మెచ్చుకుంటున్నారు. నాన్నది కాదని మీరు రాయండి" అన్నాడు. అందుకని రాశాను. మీ ఫోన్లలో ఉన్న ఫొటోల కింద ఆయన పేరు పెట్టి ఉంటే తీసేయండి.

ఒక పని కూడా ఉంది. గరాజ్‌లో రెజిన్ డబ్బాలు మూడు, థిన్నర్ డబ్బా ఒకటి మిగిలాయి. చెత్తలో వేయకూడదు, ఇలాంటివి తీసుకునే చోటికి చేర్చాలి. అల్లుడు ఇంకా ఆ గదిలోకి అడుగుపెట్టలేకపోతున్నాడు, నాకు డ్రైవింగ్ రాదు. శనివారం పొద్దున పదింటికి మీలో ఒక్కరు కారు వేసుకుని రండి. పదిమంది రాకండి, నేను కాఫీలు పెట్టలేను. పక్క తలుపు తీసి ఉంచుతాను. డబ్బాలు తలుపుకు ఎడమవైపు నేలమీదే ఉంటాయి. మూతలు బిగించి ఉన్నాయో లేదో చూసుకుని, కారులో నిలువుగా పెట్టి తీసుకెళ్ళండి. బెంచికి మాత్రం ఆనుకోవద్దు, తుడవద్దు. దాని అంచున లప్పం పొడి తెల్లగా పేరుకుంది. అందులో ఆయన మోచేతులు ఆనించిన చోట రెండు గుంటలున్నాయి. కుడివైపుది కొంచెం చెదిరి ఉంటుంది.